లెక్కల పరీక్ష రిపోర్టులో "తార్కికం వీక్" అని వస్తే దాన్ని ఎలా చదవాలి?

సార్, మీరు అడిగింది ఇదీ: పరకాల దగ్గర జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తున్నారు, మీ ఎనిమిదో తరగతి పిల్లలకు బయటివాళ్లు పెట్టిన 40 ప్రశ్నల ఓఎంఆర్ (జవాబు బబుల్ నింపే) పరీక్ష రిపోర్టు వచ్చింది, అందులో ఒక్కో పిల్లవాడికి జ్ఞానం, అన్వయం, తార్కికం అని మూడు గీతలు గీసి ఇచ్చారు, సగం మందికి తార్కికం గీత ఎర్రగా ఉంది, ఆ రంగుల ప్రకారం గ్రూపులు చేసి చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో చూపించమని హెచ్ఎం గారు అంటున్నారు, చేయొచ్చా అని.

చేయొద్దు సార్. పిల్లల ఆలోచన ఎక్కడ ఆగిపోతోందో చెప్పే సమాచారం ఆ పరీక్షలో ఉంది, మీరు ఆశించిన దానికన్నా ఎక్కువే ఉంది, కాకపోతే అది ఆ మూడు గీతల్లో లేదు. ఏ పిల్లవాడు ఏ ప్రశ్నకు ఏ ఆప్షన్ పెట్టాడో చూపించే షీట్ ఒకటి ఉంటుంది, ముందు అది తెప్పించుకోండి. హనుమకొండలో చాలా ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను, ప్రశ్నలు తయారుచేసే వర్క్‌షాపుల్లోనూ కూర్చున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ఆ మూడు పేర్లు ఎక్కడివంటే, 1995 నుంచి నాలుగేళ్లకోసారి చాలా దేశాల్లో జరిగే టిమ్స్ అనే పరీక్ష ఉంది, వాళ్లు ప్రతి ప్రశ్నకూ రెండు గుర్తులు పెడతారు, ఒకటి ఏ పాఠానిది అని, ఇంకొకటి తెలిసి ఉండటమా, అన్వయించడమా, తర్కించడమా అని. ఎనిమిదో తరగతి పేపర్లో ఈ మూడింటికీ 35, 40, 25 శాతం చొప్పున చోటిస్తారు. మన దగ్గర పరీక్షలు తయారుచేసేవాళ్లు కూడా ఇలాంటి పద్ధతినే పాటిస్తారు. పేపర్ ఒకవైపు ఒరిగిపోకుండా ఉండటానికి ఇది మంచి పద్ధతే. అయితే ఆ గుర్తు ప్రశ్నకు పెట్టింది, పిల్లవాడి బుర్రకు పెట్టింది కాదు. 1 నుంచి 100 వరకు సంఖ్యల మొత్తం ఎంత అన్న ప్రశ్న తీసుకోండి. ఎప్పుడూ చూడని పిల్లవాడు మొదటిదీ చివరిదీ జతచేసి 101 వస్తుందని గమనించి, అలాంటి జతలు 50 అని పట్టుకుంటే అది నిజంగా తర్కమే. మామునూరు నవోదయ సీటు కోసం కోచింగ్‌కు వెళ్లొచ్చిన పిల్లవాడికి ఆ సూత్రం నోటికి వచ్చు, వాడికి అది జ్ఞాపకం. రిపోర్టులో మాత్రం ఇద్దరికీ తార్కికం గీతే పెరుగుతుంది.

రెండో ఇబ్బంది లెక్కకు సంబంధించినదే. ఆ 40 ప్రశ్నల్లో తార్కికానికి ఎన్ని ఉన్నాయో చూడండి, ఐదో ఆరో ఉన్నాయనుకుందాం. పరీక్ష మొత్తం విశ్వసనీయత, అంటే మళ్లీ పెడితే మార్కులు ఎంతవరకు అలాగే వస్తాయన్న కొలత, 0.90 అనుకుందాం, 1 అంటే పూర్తి నమ్మకం కాబట్టి ఇది చాలా మంచి పరీక్ష. అందులోంచి 5 ప్రశ్నలు విడదీసి వాటి మీదే ఆధారపడితే, ప్రశ్నలు తగ్గితే విశ్వసనీయత ఎంత తగ్గుతుందో చెప్పే స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం విశ్వసనీయత 0.53 దగ్గరికి పడిపోతుంది. ఇంకో రకంగా చూస్తే, నాలుగు ఆప్షన్లున్న 5 ప్రశ్నలకు కళ్లు మూసుకుని బబుల్ చేసినా కనీసం రెండు సరిపోయే అవకాశం 37 శాతం. నవోదయకూ, స్కాలర్‌షిప్ కోసం పెట్టే ఎన్ఎంఎంఎస్‌కూ నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలొద్దని మనమే నేర్పిస్తాం, పిల్లలు ఈ పరీక్షలోనూ అదే చేస్తారు. ఎర్ర రంగుకూ పసుపు రంగుకూ మధ్య తేడా ఒక్క బబుల్ అయినప్పుడు, ఆ రంగును నమ్మి పిల్లవాణ్ని ఏడాదంతా ఒక గ్రూపులో కూర్చోబెట్టడం న్యాయం కాదు.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాలామంది టీచర్లు నాస్ అనే జాతీయ సర్వే జిల్లా రిపోర్టునూ దీన్నీ ఒకేలా చదువుతున్నారు. 2017లో, 2021లో జరిగిన నాస్ గానీ, 2024 డిసెంబరులో 3, 6, 9 తరగతులకు పరఖ్ పేరుతో జరిగింది గానీ శాంపిల్ సర్వేలు. జిల్లా ఎక్కడ ఉందో చెప్పడానికి పెట్టినవి, మీ క్లాసులో మూడో బెంచీ పిల్లవాడి గురించి చెప్పడానికి పెట్టినవి కావు. ఇక ఆ సంగతి వదిలేద్దాం.

అసలు విషయానికి వస్తాను. మంచి పరీక్షలో తప్పు ఆప్షన్లు ఊరికే పెట్టరు, ఒక్కో తప్పు ఆలోచన ఏ జవాబు దగ్గరికి చేరుస్తుందో లెక్కేసి దాన్నే ఆప్షన్‌గా ఇస్తారు. 503 - 248 ఎంత? ఆప్షన్లు 255, 345, 355, 265 అనుకోండి. సరైనది 255. ఇప్పుడు 345 పెట్టిన పిల్లవాణ్ని పిలిచి బోర్డు మీద చేయమనండి. "మూడుల ఎనిమిది పోదు గద సార్, అందుకే ఎనిమిదిలకెళ్లి మూడు తీసిన" అంటాడు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు, పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలన్న ఆలోచనే లేదు. 355 పెట్టినవాడు వేరే మనిషి. వాడికి అప్పు తెలుసు, ఒకట్లకు అప్పు కావాలని పదుల దగ్గరికి వెళ్లాడు, అక్కడ సున్నా ఉంది, దాన్ని 9 చేసేసుకున్నాడు, ఆ అప్పు వందల నుంచి రావాలని మర్చిపోయి 5ను అట్లాగే ఉంచాడు. 265 పెట్టినవాడు వందల దగ్గర 5ను 4 చేశాడు, సున్నాను 10 చేశాడు, అందులోంచి ఒకట్లకు ఇచ్చిన ఒకటిని తగ్గించలేదు. వీడికి మీరు పది నిమిషాలు కేటాయిస్తే చాలు. మొదటివాడికి స్థానవిలువ దగ్గర నుంచి, పుల్లల కట్టలతో మొదలుపెట్టాలి. రిపోర్టులో ముగ్గురికీ సున్నా మార్కే, ముగ్గురూ ఒకే రంగు. తీసివేతలో పిల్లలు చేసే తప్పులు అజాగ్రత్త వల్ల రావని, పిల్లవాడు తన సొంత నియమాన్ని చాలా నిష్ఠగా పాటించడం వల్ల వస్తాయని అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు 1978లోనే కంప్యూటర్ ప్రోగ్రాంతో చూపించారు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన మాట అదే. పిల్లవాడి తప్పుకు ఒక కారణం ఉందని ముందుగా నమ్మితే తప్ప దాన్ని వెతకాలని మనకు అనిపించదు.

ఇప్పుడు అదే పేపర్లో భిన్నాల ప్రశ్న చూడండి. 4 1/5 - 1 3/5 ఎంత? సరైనది 2 3/5. ఆప్షన్లలో 3 2/5 ఉంటుంది, 2 8/5 ఉంటుంది. 3 2/5 ఎట్లా వస్తుంది? 4లోంచి 1 తీస్తే 3, లవాల్లో 1, 3 ఉన్నాయి, పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తే 2. ఇది పైన 345 పెట్టిన పిల్లవాడి నియమమే, పాఠం మారింది అంతే. మీ షీట్‌లో ఈ రెండు నిలువు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి, అక్కడ 345 పెట్టినవాళ్లలో ఎంతమంది ఇక్కడ 3 2/5 పెట్టారో. వాళ్ల రిపోర్టులో "సంఖ్యలు వీక్", "భిన్నాలు వీక్" అని రెండు జబ్బులు రాసి ఉంటాయి, మీరు రెండు పాఠాలూ మళ్లీ చెప్పడానికి కూర్చుంటారు. ఉన్నది ఒక్కటే, అప్పు అంటే ఒక పెద్ద దాన్ని విడగొట్టి చిన్నవిగా మార్చుకోవడమని వాళ్లకు ఎవరూ చేతిలో పెట్టి చూపించలేదు. 2 8/5 పెట్టినవాడు మాత్రం అప్పు తెచ్చుకున్నాడు, తెచ్చిన ఒకటిని 5/5 అనుకోకుండా అలవాటు కొద్దీ పది అనుకుని 1ని 11 చేశాడు. 11లోంచి 3 పోతే 8. వాడికి మామూలు తీసివేత బ్రహ్మాండంగా వచ్చు, ఆ వచ్చినదే ఇక్కడ అడ్డం పడింది.

ఈ ఆలోచనను ఒక పద్ధతిగా మార్చింది కికుమి తత్సుఓకా అనే ఆవిడ, ఇల్లినాయ్ యూనివర్సిటీలో, 1983 ప్రాంతంలో. 536 మంది పిల్లలు చేసిన భిన్నాల తీసివేత లెక్కల డేటా ఒకటి ఆవిడ పనిలోంచి వచ్చింది, ఈ రంగంలో కొత్త పద్ధతి ఎవరు కనిపెట్టినా ఇప్పటికీ దాని మీదే పరీక్షించి చూస్తారు. ఆవిడ చేసింది చూడటానికి చాలా సాదా పని: ఒక పట్టిక, అడ్డ వరసల్లో ప్రశ్నలు, నిలువు వరసల్లో నైపుణ్యాలు, ఆ ప్రశ్నకు ఆ నైపుణ్యం కావాలంటే 1, అక్కర్లేకపోతే 0. దీన్ని క్యూ-మ్యాట్రిక్స్ అంటారు. మీరు దీన్ని చార్ట్ పేపర్ మీద చేతితో చేయొచ్చు, చేయాలి కూడా. నిలువు వరసల పేర్లు మాత్రం "తార్కికం", "అన్వయం" లాంటివి పెట్టకండి, పిల్లవాడు చేసే పని రాయండి: పూర్ణాంకంలోంచి ఒకటి విడగొట్టి భిన్నంగా మార్చడం, సమాన హారం తేవడం, వాక్యంలోంచి ఏ ప్రక్రియో ఎంచుకోవడం, వచ్చిన జవాబు ప్రశ్నకు పొసగుతుందో లేదో చూడటం, ఇట్లా. ఆరేడు నైపుణ్యాలు మించితే చేత్తో చేయడం కష్టం.

పట్టిక నింపేటప్పుడు మార్కుల షీట్ మూసి పెట్టండి, ఇది ముఖ్యం. మార్కులు ముందు చూస్తే ఎక్కువమంది తప్పిన ప్రశ్నకు మనకు తెలియకుండానే ఎక్కువ నైపుణ్యాలు రాసేస్తాం. మీరొకటి, పక్క స్కూల్లో లెక్కలు చెప్పే మేడం ఒకటి విడివిడిగా నింపి తర్వాత పోల్చుకోండి. తేడా వచ్చిన గడుల దగ్గర జరిగే వాదన ఒక ట్రైనింగ్ పెట్టు.

పట్టిక అయ్యాక షీట్ తెరవండి. అప్పు కావలసిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి ఆ పిల్లవాడు వాటిలో ఏం చేశాడో చూడండి. ఒక ప్రశ్నకు మూడు నైపుణ్యాలు కావాలంటే మూడూ ఉండాల్సిందే, ఒకటి లేకపోయినా జవాబు పోతుంది, అందుకే ఒక్క తప్పు చూసి ఏది లేదో చెప్పలేం, మిగతా ప్రశ్నలతో పోల్చి ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రావాలి. అన్నీ వచ్చిన పిల్లవాడు చేయి జారి తప్పు చేయొచ్చు, ఏమీ రానివాడు ఊహించి ఒప్పు పెట్టొచ్చు. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకునే డైనా అనే మోడల్ ఉంది, దాన్ని నడిపే ఉచిత ప్యాకేజీలు ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. ఒక్క సెక్షన్ డేటాతో దాన్ని నడపకండి, వందల మంది పిల్లలు ఉంటేగానీ ఆ అంకెలు నిలబడవు. మండలం మొత్తం డేటా కలిపి ఎవరైనా చేస్తానంటే తప్పకుండా చేయించండి. మీ ఒక్క క్లాసుకు చార్ట్ పేపరూ, మీ కళ్లూ చాలు.

సరైన జవాబులను కూడా అనుమానంగానే చూడాలి. 0.8, 0.35, 0.125, 0.5లో పెద్దది ఏది? పొడుగ్గా ఉన్నది పెద్దది అనుకునేవాడు 0.125 పెడతాడు, 125 పెద్ద సంఖ్య కదా అని, వాడు దొరికిపోతాడు. ఇంకో రకం పిల్లలుంటారు, దశాంశ బిందువు తర్వాత ఎన్ని ఎక్కువ అంకెలుంటే అంత చిన్న ముక్క అనుకునేవాళ్లు. వాళ్లకు 0.8, 0.5 రెండే పోటీలో ఉంటాయి, 0.8 పెట్టి మార్కు తెచ్చుకుంటారు. రిపోర్టులో ఆకుపచ్చ. 0.3, 0.45లో ఏది పెద్దదని అడిగితే 0.3 అంటారు. ఇలాంటి ప్రశ్న పేపర్లో లేకపోతే మీరు నోటితో అడిగేయండి, రెండు నిమిషాల పని.

ఖాళీల సంగతి. చివరి ఆరేడు ప్రశ్నలు వరసగా ఖాళీ ఉంటే వాడు అక్కడిదాకా రాలేదని అర్థం, అవి రావని అర్థం కాదు. మధ్యమధ్యలో ఖాళీలుంటే చదివి వదిలేశాడని. రిపోర్టు తయారుచేసే కంప్యూటర్ రెండింటినీ సున్నాగానే తీసుకుంటుంది, కష్టమైన ప్రశ్నలు సాధారణంగా చివర్లోనే ఉంటాయి కాబట్టి నిదానంగా చేసే పిల్లలందరికీ తార్కికం వీక్ అని వచ్చేస్తుంది. మీ సగం మంది ఎర్ర రంగులో ఇది ఎంత ఉందో ముందు చూడండి.

ఇక భాష. నాకు బాగా మనసుకు తగిలే విషయం ఇదే. మన బళ్లల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకం ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, ఏటూరునాగారం వైపు కోయ మాట్లాడే పిల్లలు అటు తెలుగూ ఇటు ఇంగ్లిషూ రెండూ బడిలోనే నేర్చుకుంటున్నారు. రాతలెక్క తప్పితే అది లెక్క తప్పా, వాక్యం తప్పా అన్నది ఓఎంఆర్ షీట్ చెప్పలేదు. మహబూబాబాద్ దగ్గర తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఏడో తరగతి అమ్మాయి ఒకామె, 400 రూపాయల చొక్కా 15% తగ్గింపుతో ఎంతకొస్తుంది అన్నదానికి 385 పెట్టింది. శాతాలు అసలు రావని రిపోర్టు. పిలిచి అడిగితే "పదిహేను తగ్గించిన సార్" అంది. వాళ్లమ్మ మహిళా సంఘంలో ఉందని తెలుసు కాబట్టి, నాలుగు వేలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు ఎంత మిత్తి కట్టాలని అడిగాను. ఆలోచించకుండా "ఎనబై" అంది. నాలుగు వందలకు నూటికి పదిహేను చొప్పున ఎంత? కొంచెం ఆగి "అరవై". మరి చొక్కా ఎంతకొస్తది అంటే "మూడు వందల నలబై" అని, తన పేపర్లో ఆ % గుర్తు మీద వేలు పెట్టి "గిది గదేనా సార్?" అని అడిగింది. ఆ అమ్మాయికి శాతాల పాఠం మొదటి నుంచి చెప్పడం అంటే ఆమె టైం వృథా చేయడమే. కావలసింది ఆ గుర్తుకూ, ఇంట్లో రోజూ వింటున్న లెక్కకూ మధ్య ఒక్క ముడి.

దీనికి ఎదురుగా ఇంకో రకం ఉంది. అమెరికాలో 1980ల మొదట్లో 13 ఏళ్ల పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు: 1,128 మంది సైనికులను తీసుకెళ్లాలి, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? భాగహారం సరిగ్గా చేసినవాళ్లు 70 శాతం. 32 బస్సులు అన్నవాళ్లు 23 శాతమే. మిగతావాళ్లు 31 అనో, 31 శేషం 12 అనో రాశారు. మన దగ్గర 340 కిలోల మిర్చికి 40 కిలోలు పట్టే బస్తాలు ఎన్ని కావాలని అడగండి, ఎనిమిదిన్నర అనేవాళ్లు క్లాసులో లేచి నిలబడతారు. అదే పిల్లవాణ్ని ఎనుమాముల మార్కెట్‌కు నాన్నతో పోతున్నట్టు ఊహించుకోమని చెప్పి ఖాళీ బస్తాలు ఎన్ని పట్టుకపోవాలె అని అడిగితే తొమ్మిది అంటాడు. వీడికి లెక్కా వచ్చు, వాక్యమూ అర్థమైంది, లెక్క చేశాక మళ్లీ ప్రశ్న దగ్గరికి తిరిగి వచ్చే అలవాటు లేదు. నిజంగా తార్కికం అని పేరు పెట్టదగ్గ లోటు ఉంటే ఇలాంటిదే, దాన్ని బాగుచేయడం అంటే ప్రతి జవాబు తర్వాత "అంటే ఏంది?" అని అడుగుతూ ఉండటం.

పిల్లల్ని పిలిచి అడగడానికి ఆస్ట్రేలియాలో న్యూమన్ అనే టీచర్ 1977లో ఇచ్చిన ఐదు ప్రశ్నలకు మించినవి నాకు కనపడలేదు. ఈ లెక్క పైకి చదువు. ఏం అడుగుతున్నారో చెప్పు. ఎట్లా చేస్తావు? చేసి చూపించు, చేస్తూ మాట్లాడు. ఇప్పుడు జవాబు రాయి. ఎక్కడ ఆగితే లోటు అక్కడ. మధ్యలో నేర్పడానికి నోరు తెరవకండి, టీచర్లకు ఇది అన్నిటికన్నా కష్టం. క్లాసు మొత్తాన్ని పిలవక్కర్లేదు. ఒకే తప్పు ఆప్షన్ పెట్టినవాళ్లలోంచి ఇద్దరిని పిలిస్తే చాలు, వాళ్లు చెప్పింది మీ ఊహతో సరిపోతే మిగతావాళ్లకూ అదే అనుకుని పని మొదలుపెట్టొచ్చు.

గ్రూపులు చేయండి, కానీ తప్పును బట్టి చేయండి, పిల్లవాణ్ని బట్టి కాదు. అప్పు గ్రూపు, దశాంశాల గ్రూపు, వాక్యం దగ్గర ఆగేవాళ్ల గ్రూపు. ఒకే పిల్లవాడు రెండింట్లో ఉండొచ్చు, ఫస్ట్ వచ్చే అమ్మాయి కూడా దశాంశాల గ్రూపులో తేలొచ్చు. రెండు వారాల తర్వాత అంకెలు మార్చి అదే ప్రశ్న ఇవ్వండి, 503 బదులు 704, 248 బదులు 356. సరైనది 348, పాత నియమమే ఉంటే 452 వస్తుంది. వచ్చినవాళ్లను గ్రూపులోంచి తీసేయండి. ఉన్నతి లాంటి ప్రభుత్వ కార్యక్రమాల్లో భాగంగా పిల్లల్ని స్థాయిలుగా విడదీసే టైం మీ బళ్లో ఉంటే వేరే పీరియడ్ వెతుక్కోనక్కర్లేదు, ఆ టైంలోనే ఇది చేయొచ్చు.

హెచ్ఎం గారికి మీటింగ్ కోసం ఒక పేజీ ఇవ్వండి, అందులో రంగులు పెట్టకండి. ఫలానా ఇంతమంది అప్పు దగ్గర ఆగుతున్నారు, ఇద్దరితో మాట్లాడి నిర్ధారించుకున్నాం, ఇంతమంది చివరి ప్రశ్నల దాకా రాలేదు కాబట్టి వాళ్ల గురించి ఇప్పుడే ఏమీ చెప్పలేం, ఫలానా తేదీన మళ్లీ చూస్తాం అని రాయండి. తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు మాత్రం "మీవాడికి ఆలోచన శక్తి తక్కువ" అన్న మాట ఏ రూపంలోనూ నోటి నుంచి రాకూడదు. ఇంటికి పోయాక అది పిల్లవాడికి పేరై కూర్చుంటుంది, తర్వాత మనం ఎన్ని చెప్పినా పోదు.

పరీక్ష పెట్టినవాళ్లు ఆప్షన్ల షీట్ ఇవ్వం అంటే గట్టిగా అడగండి. ఓఎంఆర్ స్కానర్‌లోంచి బయటికొచ్చేది ఆ అక్షరాల ఫైలే, మార్కులు దాంట్లోంచే లెక్కేస్తారు, కాబట్టి అది వాళ్ల దగ్గర ఉండి తీరుతుంది. ప్రశ్నపత్రం కూడా అడగండి, అది లేకపోతే బి అన్న అక్షరానికి అర్థం లేదు. రెండూ దొరక్కపోతే ఆ రిపోర్టును పక్కన పెట్టి, పైన చెప్పిన లాంటి పదీ పన్నెండు ప్రశ్నలు ఆప్షన్లు లేకుండా మీరే రాసి ఇవ్వండి, పెన్నుతో చేయమనండి, కొట్టేసినా పర్వాలేదు గానీ చెరపొద్దని చెప్పండి. ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది.